అట్లాంటిక్‌ను దాటింది ఎవరు?

తాపీ పనివాళ్ళ పెద్దను మనం మేస్త్రీ అంటాం. తారు నింపే పెద్ద గుండ్రటి తొట్టిని పీపా అంటాం. ఈ రెండూ పుట్టుతెలుగు మాటలు కావు. పోర్చుగీసు ఓడలెక్కి ఈ దేశపు రేవుల్లో దిగి, నోటినుంచి నోటికి పాకి, మన పనివాళ్ళ మాటలైపోయినవి. ఆ ఓడల్లో కళాసీలచేత పని చేయించే పెద్ద పేరు మేస్త్రీ. మంచినీళ్ళో ద్రాక్షసారాయో పోసి ఓడ అడుగున పేర్చే కొయ్య తొట్టి పేరు పీపా. స్పెయిన్ ఓడల్లోనూ దాదాపు ఇవే మాటలు వాడేవారు. మాటలకు వర్గజ్ఞానం వుంటుందేమోనని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. సేనానుల బిరుదులు సేనానులతోనే పోయినవి. పనివాళ్ళ మాటలు మాత్రం సముద్రాలు దాటి వచ్చి మరొక దేశపు పనివాళ్ళ దగ్గర మిగిలినవి.

చరిత్ర పాఠాల్లో మాత్రం జరిగింది దీనికి తలకిందులు. అక్కడ సేనాని మిగిలాడు, పనివాడు పోయాడు. “1492లో కొలంబస్ అమెరికాను కనుగొన్నాడు” అనే వాక్యాన్ని నేను వల్లెవేశాను. మీరూ వల్లెవేసే వుంటారు. ఆ వాక్యంలో క్రియ తప్పని ఇవాళ చాలామంది ఒప్పుకుంటారు. లక్షలాది మనుషులు వూళ్ళు కట్టుకుని, పైర్లు పెట్టుకుని బతుకుతున్న గడ్డను వేరొకడు వచ్చి “కనుగొనటం” ఏమిటని వారు సరిగానే అడుగుతున్నారు. ఆ వాక్యంలో కర్త కూడా తప్పేనని ఈ వ్యాసంలో నా వాదన. ఐతే కర్తను సరిదిద్దటంతో మన పని తీరదు. కర్మ సంగతి కూడా చూడాలి. అది చివర మనవి చేస్తాను.

ముందు డబ్బు సంగతి చూద్దాం. 1492 ఏప్రిల్ 17న స్పెయిన్ రాజదంపతులకూ కొలంబస్‌కూ మధ్య ఒక ఒడంబడిక కుదిరింది. దాని ప్రకారం అతనికి సముద్ర సేనాని పదవి, దొరికే దేశాలకు రాజప్రతినిధి పదవి, అక్కణ్ణించి వచ్చే బంగారం, వెండి, ముత్యాలు, సుగంధ ద్రవ్యాలు మొదలైన వాటిలో పదోవంతు లభిస్తాయి. ఖర్చు మొత్తం సుమారు 20 లక్షల మరవేదీలు. అందులో పెద్ద భాగం, 11 లక్షల 40 వేలు, సర్దుబాటు చేసినవాడు రాజుగారి కొలువులోని ఆర్థికాధికారి లూయిస్ దె సాంతాంహెల్. రాణి తన నగలు తాకట్టు పెట్టి ఓడలు పంపిందనేది కథ మాత్రమే. సింహాసనం పేరు పెట్టింది, వర్తక పెట్టుబడి డబ్బు పెట్టింది.

మరి ఓడలు ఎవరు పెట్టారు? పాలోస్ అనే చిన్న రేవు పట్నం ఏదో అపరాధం చేసిందన్న నెపంతో, ఏడాదిపాటు రెండు ఓడల్ని తన ఖర్చుతో సమకూర్చాలని ప్రభుత్వం శిక్ష వేసింది. ఆ ఉత్తరువును 1492 మే 23న పాలోస్‌లోని సెయింట్ జార్జి చర్చిలో ప్రజలందరి ముందూ చదివారు. అంటే మహత్తర అన్వేషణ అని మనం చెప్పుకునేది ఆ వూరి జనం మీద పడ్డ జరిమానాగా మొదలైంది. పింతా, నీన్యా అనే రెండు చిన్న ఓడలు అలా వచ్చినవి. మూడవది సాంతా మరీయా. అది హువాన్ దె లా కోసా అనే నావికుడి సొంత ఓడ. దాన్ని బాడుగకు తీసుకున్నారు. నీన్యా అసలు పేరు సాంతా క్లారా. దాని యజమాని మొగేర్ గ్రామానికి చెందిన హువాన్ నీన్యో. జనం నోట అతని ఇంటిపేరే ఓడ పేరై నిలిచింది.

ఈ మూడు ఓడల్లో వున్నది సుమారు 90 మంది. వాళ్ళంతా చెరసాలల్లోంచి తెచ్చిన దొంగలూ హంతకులూ అనే కథ చాలాకాలం చెలామణీ అయింది. మహాపురుషుడు ఒకడు, చుట్టూ అలగాజనం అనే చిత్రం బూర్జువా చరిత్రకారులకు బాగా నచ్చే చిత్రం. బాస్టన్ నగరానికి చెందిన ఆలిస్ బేచ్ గూల్డ్ అనే పరిశోధకురాలు స్పెయిన్ దస్తావేజుల భాండాగారాల్లో దశాబ్దాలపాటు కూచుని, జీతాల పద్దులూ, వ్యాజ్యాల కాగితాలూ వెతికి, ఆ ప్రయాణంలో పాల్గొన్న 87 మంది పేర్లు బయటికి తీసింది. 1953లో ఆమె చనిపోయేదాకా ఈ పని సాగుతూనే వుంది. తేలినదేమిటంటే, నేరస్తులనదగ్గవాళ్ళు నలుగురే. వారిలో ఒకడు కొట్లాటలో ఒక దండోరా వాణ్ణి చంపాడు. మిగతా ముగ్గురి నేరమల్లా ఈ స్నేహితుణ్ణి చెరనుంచి తప్పించటం. మిగిలినవారిలో చాలామంది పాలోస్, మొగేర్, హుయెల్వా ప్రాంతాల కళాసీలు, వడ్రంగులు, ఓడ పగుళ్ళు పూడ్చేవాళ్ళు. పని తెలిసినవాళ్ళు. ఒక వ్యక్తిని ఆకాశానికి ఎత్తిన పుస్తకాలు కొన్ని వందలు వచ్చిన తర్వాత గాని, మిగిలినవారి పేర్లు వెతకాలని ఒకరికి తోచలేదు.

వాళ్ళ జీతాలు కూడా తెలుసు. మేస్త్రీకి, దారి చూపే నావికుడికి నెలకు 2,000 మరవేదీలు. అనుభవం గల కళాసీకి 1,000. ఓడ కుర్రాడికి 666. సేనానికి పదోవంతు వాటా, కుర్రాడికి 666 మరవేదీలు! ఈ రెండు అంకెలూ ఒకే ఓడలో ప్రయాణం చేశాయని మనం గుర్తుంచుకోవాలి.

ఇక ఓడ. సాంతా మరీయా నిర్మాణ చిత్రం ఒక్కటీ మిగలలేదు. అది నూరు టన్నుల ఓడ అని, నీన్యా 60 టన్నులదని పండితుల అంచనా. ఇక్కడ టన్ను అంటే బరువు కాదు. ఓడ అడుగున ఎన్ని ద్రాక్షసారా తొట్లు పడతాయో ఆ లెక్క. రెండు పీపాలు ఒక టన్ను. సరుకు మోయటానికి పుట్టిన ఓడను సరుకుతోనే కొలిచారు. అందులో మనుషులు ఎందరు పడతారన్నది ఆ కొలతలో లేదు. నీన్యా పొడుగు 70 అడుగులకు మించదు. అందులో పాతికమంది, వారికి నెలల తరబడి తిండి, నీళ్ళు, కట్టెలు, తాళ్ళు, తెరచాపలు, ఫిరంగులు. పడుకోటానికి గది వున్నది సేనానికీ మరి ఒకరిద్దరికీ. తతిమ్మావాళ్ళు చెక్కల మీదే, ఎక్కడ చోటు దొరికితే అక్కడ, తడిసిన బట్టల్లోనే పడుకునేవారు. వల అల్లి రెండు కొసలా కట్టిన ఉయ్యాల పడకను వాళ్ళు మొదటిసారి చూసింది కరిబియన్ దీవుల తైనో ప్రజల ఇళ్ళలో. యూరపు కళాసీ తర్వాత కొన్ని శతాబ్దాలపాటు సుఖంగా నిద్రపోయిందంటే తైనోల చలవే. నాగరికత ఎవరు ఎవరికి నేర్పారన్న చర్చ వచ్చినప్పుడు ఈ చిన్న విషయం మరిచిపోరాదు.

కొయ్య ఓడ నీళ్ళమీద తేలుతూ వుండటమే నిరంతర శ్రమ. పలకల సందుల్లో పీచు కూరి, తారు పూసి పూడుస్తూ వుండాలి. ఎంత పూడ్చినా నీరు వూరుతుంది, కనుక రోజూ గొట్టాలు వేసి తోడాలి. ఉష్ణమండలపు సముద్రాల్లో కొయ్యను తొలిచే పురుగు వుంది. 1502లో బయలుదేరిన కొలంబస్ నాలుగవ యాత్రలో ఆ పురుగు ఓడల్ని జల్లెడ చేసింది. మిగిలిన రెండు ఓడలూ ఇక తేలలేక 1503 జూన్‌లో జమైకా తీరాన ఇసుకలో దిగబడ్డాయి. ఏడాదిపాటు ఆ సిబ్బంది అక్కడే చిక్కుకుపోయింది.

చుక్కాని తిప్పేవాడి స్థితి మరీ విచిత్రం. సాంతా మరీయా వంటి ఓడల్లో అతడు డెక్కు కింద నిలబడేవాడు. ఎదుట సముద్రం కనబడదు, తెరచాప కనబడదు. ముందు దిక్సూచి, పైనుంచి అరిచే ఆజ్ఞలు, చేతికి తగిలే నీటి వాలు, ఇవే అతనికి ఆధారం. వేగం కొలిచే పరికరం లేదు. నురుగు చూసి, గాలి చూసి, అలవాటుపడిన కన్నుతో అంచనా కట్టేవారు. కాలం కొలిచే పరికరం మాత్రం వుంది. అది అరగంట ఇసుక గడియారం. ఇసుక జారిపోగానే దాన్ని తిరగవేయటం కుర్రాళ్ళ పని. ఎనిమిదిసార్లు తిరగవేస్తే ఒక కాపలా, అంటే నాలుగు గంటలు. సిబ్బంది రెండు జట్లు. ఒక జట్టు పని, ఒక జట్టు విశ్రాంతి. గడియారం తిప్పినప్పుడల్లా కుర్రాడు ఒక భక్తి పాదం పాడాలి, తాను నిద్రపోలేదని అందరికీ తెలియాలి గదా! కుర్రాడు కునుకు తీస్తే ఓడ లెక్క తప్పుతుంది. కొత్త భూగోళ శాస్త్రం, కొత్త పటాలు, దూరాల గుణకారాలు అన్నీ రాత్రంతా మేలుకున్న ఆ పసివాడి చేతిమీద ఆధారపడి వున్నాయి.

తిండి విషయానికి వద్దాం. రెండుసార్లు కాల్చి రాయిలా ఎండబెట్టిన రొట్టె, ఉప్పు పట్టిన మాంసం, ఎండు చేపలు, శనగలు, చిక్కుడు గింజలు, నూనె, వెల్లుల్లి, ద్రాక్షసారా. డెక్కు మీద ఇసుక పరిచిన ఇనప పొయ్యిలో, వాతావరణం అనుకూలిస్తే, రోజుకొక పూట వేడి తిండి. గాలివాన వస్తే అదీ లేదు. కొలంబస్ కొడుకు ఫెర్నాందో 13 ఏళ్ళ వయసులో తండ్రితో నాలుగవ యాత్రకు వెళ్ళాడు. రొట్టెలో పురుగులు ఎంతగా పట్టాయంటే, అంబలి తాగటానికి చాలామంది చీకటి పడేదాకా ఆగేవారని, పురుగులు కనబడకుండా వుంటాయని అలా చేసేవారని అతడు రాశాడు. సేనాని కొడుకు రాశాడు కాబట్టి ఈ సంగతి మనకు తెలిసింది. చీకట్లో తాగినవాళ్ళకు రాత రాదు.

1497లో లిస్బన్ నుంచి బయలుదేరిన వాస్కో డ గామా ఓడల్లో పరిస్థితి ఇంతకంటె ఘోరం. గాలులకోసం అట్లాంటిక్‌లో విశాలంగా చుట్టుతిరిగి, ఆగస్టునుంచి నవంబరుదాకా వాళ్ళు భూమిని చూడలేదు. తర్వాత కాళ్ళూ చేతులూ వాచి, చిగుళ్ళు పళ్ళమీదకు పెరిగి, తినలేక చావటం మొదలైంది. తాజా పళ్ళు, కూరలు లేకపోవటంవల్ల వచ్చే స్కర్వీ రోగం అది. కాలికట్టునుంచి మరలిపోతూ అరేబియా సముద్రం దాటుతుండగా 30 మంది పోయారు. నడిపే చేతులు చాలక సావో రఫాయెల్ అనే ఓడను తామే తగలబెట్టారు. బయలుదేరిన సుమారు 170 మందిలో ఇల్లు చేరింది మూడోవంతు. మన దేశానికి జలమార్గం “కనుగొన్న” లెక్కలో ఈ శవాల పద్దు ఏ పాఠ్యపుస్తకంలో వుంది?

తిరిగి 1492కు వద్దాం. సెప్టెంబరు 9న కానరీ దీవులు కనుమరుగైన రోజునుంచి కొలంబస్ రెండు లెక్కలు రాశాడని, నడిచిన దూరం తగ్గించి సిబ్బందికి చెప్పాడని, అతని దినచర్యనుంచి లాస్ కాసాస్ రాసిపెట్టిన సంగ్రహం చెబుతున్నది. అసలు దినచర్య ఇప్పుడు లేదు. రెండు రకాల కొలమానాల తేడానే తర్వాతివారు మోసంగా పొరబడ్డారని కొందరు పరిశోధకుల వాదన. అదే నిజమైతే సంతోషమే. కాని ఆ సంగ్రహం మాత్రం ఇంట్లో ఒక ఖాతా, కూలీలకు ఒక ఖాతా చూపే యజమానిని మనకు గుర్తుచేస్తుంది. అక్టోబరు 10 నాటికి కళాసీలు ఇక ఓర్చలేమన్నారు. దీన్ని పిరికితనంగా చిత్రించటం ఆనవాయితీ. వాళ్ళ లెక్కలో మిగిలిన నీళ్ళెన్ని, తిరుగు గాలి ఎటువైపు అన్నవి వున్నాయి. ఆసియా ఎంత దూరమన్న విషయంలో సేనాని లెక్కే తప్పు. మధ్యలో మరొక ఖండం అడ్డురాకపోతే అందరూ చనిపోయేవారే.

ముందుగా భూమిని చూసినవాడికి ఏటా 10,000 మరవేదీల భృతి ఇస్తామని రాజదంపతులు ప్రకటించి వున్నారు. అక్టోబరు 12 తెల్లవారుజామున రెండు గంటలకు పింతా మీదనుంచి రొద్రిగో దె త్రియానా అనే కళాసీ భూమిని చూసి కేకవేశాడు. భృతి ఎవరికి దక్కింది? కొలంబస్‌కు. ముందురోజు రాత్రి పది గంటలకే తాను ఒక దీపాన్ని చూశానని ఆయన చెప్పాడు. పిలిచి చూపిస్తే ఒకడికి కనబడింది, మరొకడికి కనబడలేదు. ఆ తర్వాత నాలుగు గంటలు ఓడలు మంచి వేగంతో పోయిన మీదట గాని భూమి కనబడలేదు. అంత దూరాన్నించి దీపం కనబడుతుందా? ఆ యాత్ర ఏడున్నర నెలలు సాగింది. అనుభవం గల కళాసీ మొత్తం సంపాదన ఏడున్నర వేలకు మించదు. అంటే సేనాని లాక్కున్నది ఆ కళాసీ యావత్తు యాత్రా జీతంకంటె ఎక్కువ, అదీ ఏటేటా. పదోవంతు వాటాదారుకు ఈ పదివేలు కూడా కావలసివచ్చింది. దీన్ని వ్యక్తి దురాశ అని తోసెయ్యటానికి వీలులేదు. చూసిన కన్ను కూలివాడిదైతే చూపు యజమానిదే అనే న్యాయం ఇందులో వుంది.

నష్టం వచ్చినప్పుడు న్యాయం వేరు. 1492 క్రిస్మస్ రాత్రి సముద్రం నిశ్చలంగా వుంది. సేనాని పడుకున్నాడు. చుక్కాని పట్టినవాడు దాన్ని ఒక కుర్రాడి చేతికిచ్చి తానూ పడుకున్నాడు. ఓడ దిబ్బమీద ఎక్కింది. కుర్రాడి చేతికి చుక్కాని ఇవ్వటం తాను ఎప్పుడూ నిషేధించానని సేనాని రాసుకున్నాడు. నిజమే కావచ్చు. ఐతే చుక్కాని తగిలిందని మొదట పసిగట్టి, కెరటాల హోరు విని అరిచి అందర్నీ లేపింది కూడా ఆ కుర్రాడే. అతని పేరు ఆ కథనంలో లేదు.

ఇంతవరకూ రాసి ఆగిపోతే నాకూ సుఖంగా వుంటుంది, మీకూ సుఖంగా వుంటుంది. దోపిడీకి గురైన కళాసీని కర్తగా నిలబెట్టాం, చాలు అనుకోవచ్చు. మనలో కొందరు ఆగేదీ అక్కడే. కాని అది సగం చరిత్ర.

పగిలిన సాంతా మరీయా సరుకునంతా ఒడ్డుకు చేర్చింది ఎవరు? ఆ ప్రాంతపు తైనో నాయకుడు గ్వాకనగరీ, అతని జనం. చిన్న వస్తువు కూడా పోలేదని కొలంబసే రాశాడు. ఓడ కొయ్యతో నవిదాద్ అనే కోట కట్టి 39 మందిని అక్కడ వదిలి ఆయన వెళ్ళిపోయాడు. 1493 నవంబరులో తిరిగివచ్చేసరికి కోట తగలబడి వుంది, ఒక్కడూ బతికిలేడు. బంగారంకోసం, ఆడవాళ్ళకోసం వాళ్ళు ఆ ప్రజలమీద పడ్డారని, తమలో తాము కొట్టుకున్నారని అక్కడివాళ్ళు చెప్పారు. ఆ 39 మందీ సేనానులు కారు. చాలామంది శ్రమజీవులే. ఓడలో అణగివున్నవాడు ఒడ్డున దొరగా మారటానికి ఏడాది పట్టలేదు.

1495 ఫిబ్రవరిలో నాలుగు ఓడలు హిస్పానియోలా దీవినుంచి స్పెయిన్‌కు బయలుదేరాయి. వాటి అడుగుభాగాల్లో సుమారు 550 మంది తైనోలను బానిసలుగా నింపారు. అదే ఓడల్లో ప్రయాణం చేసిన మికేలె ద కూనేయో రాసిన ఉత్తరం మిగిలింది. స్పెయిన్ సముద్రాల చలి తగిలేసరికి సుమారు 200 మంది చనిపోయారని, వాళ్ళను సముద్రంలో పారవేశామని అతడు రాశాడు. పారవేసిన చేతులు ఎవరివి? నెలకు 1,000 మరవేదీల చేతులే అయివుంటాయి. పీపాలు పేర్చిన చోట మనుషుల్ని పేర్చారు. తర్వాత మూడు శతాబ్దాలకు పైగా కోటిమందికి పైబడిన ఆఫ్రికన్లను మోసిన అట్లాంటిక్ బానిస వ్యాపారానికి ఈ ఓడలు నాంది.

కనుక కళాసీని మరొక మహాపురుషుణ్ణి చేసి పీఠమెక్కించటం మన పని కాదు. అతని శ్రమను దోచిన వ్యవస్థే అతని చేతికి కొరడా కూడా ఇచ్చింది. దోపిడీకి గురైనవాడు దానంతట అదే విముక్తిదాత కాడు. ఎవరి పక్షాన నిలబడాలో తెలిసినప్పుడే అవుతాడు. ఈ వైరుధ్యాన్ని దాచిపెట్టి రాసిన చరిత్ర మనకు అనుకూలంగా వున్నా సరే, అబద్ధమే.

చివరగా ఒక్క సంఘటన. 1493 ఫిబ్రవరి 14న, తిరుగు ప్రయాణంలో, నీన్యాను పెనుతుపాను చుట్టుముట్టింది. బతికితే ఎవరు తీర్థయాత్ర చెయ్యాలో తేల్చటానికి టోపీలో శనగగింజలు వేసి, ఒకదానిమీద సిలువ గుర్తు గీసి, అందరూ తీశారు. ఓడ మునిగితే తన కీర్తి కూడా మునుగుతుందని సేనానికి భయం వేసింది. జరిగినదంతా తోలుకాగితం మీద రాసి, మైనపుగుడ్డలో చుట్టి, పీపాలో పెట్టి సముద్రంలో వేయించాడు. అందులో ఏముందో ఎవరికీ చెప్పలేదు. ఏదో మొక్కుబడి అనుకున్నారు కళాసీలు. ఆ పీపా ఎన్నడూ దొరకలేదు. ఐనా నష్టం లేదు. అందులోని కథే మన బడులన్నిటికీ చేరింది.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి. ఈసారి పాఠం చెప్పేటప్పుడు పాత వాక్యం మాని ఇలా చెప్పి చూడండి: “1492లో పాలోస్ ప్రాంతపు కళాసీలు, కుర్రాళ్ళు సుమారు 90 మంది, వర్తకుల డబ్బుతో, రాజుల పేరుతో, కొలంబస్ నాయకత్వాన, కొద్దిపాటి జీతాలకు అట్లాంటిక్‌ను దాటి తైనోల దేశం చేరారు, మూడేళ్ళు తిరక్కుండానే అవే ఓడదారుల్లో తైనోలు బానిసలుగా రవాణా అయ్యారు.” వాక్యం పొడుగైందని పిల్లలు సణుగుతారు. సణగనివ్వండి. పాతవాక్యం పొట్టిగా వుండటానికి కారణం అందులోంచి మనుషుల్ని తీసెయ్యటమేనని వాళ్ళకు చెప్పండి.